బస్తా మీద రాసి ఉన్నది

ఆ ఊళ్ళో ఇంగ్లీషు చదవడం వచ్చిన ఆడది నేనొక్కదాన్నే. అందుచేత ఇంగ్లీషులో ఉన్న ప్రతిదీ మా అరుగు మీదికి వచ్చేది. మందు సీసాలు, తంతి కాగితాలు, పటాలంలో చేరిన కొడుకులు పంపిన కవర్ల మీది ముద్రలు, ఒకసారి బెజవాడ నుంచి ఎవరో తెచ్చిన పాలడబ్బా. నేను చదివి చెప్పేదాన్ని. వాళ్ళు తల ఊపి వెళ్ళేవాళ్ళు. నేను తప్పు చదువుతానేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఆ నమ్మకాన్ని నేను ఒకసారి వాడుకున్నాను. దానివల్ల ఒక పాలేరు బతుకుతెరువు పోయింది. నా పాప మాత్రం క్షేమంగా ఉంది. ఇప్పుడు బెజవాడలో, ఈ దీపానికి వీపు తిప్పి నిద్రపోతోంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ పాలేరు గుర్తొస్తాడు. పగలు ఈ సంగతి ఎవరితోనూ అనలేను కనుక రాత్రిపూట రాస్తున్నాను.

మా వారు వ్యవసాయ శాఖలో డిమాన్‌స్ట్రేటరు. ఊరివాళ్ళ నోట అది డిమాస్టరు అయింది. ఆయన ఎదట లేనప్పుడు ‘ఎరువులాయన’ అనేవాళ్ళు. అవి యుద్ధం రోజులు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. పంట పెంచండి, పంట పెంచండి అంటూ పైనుంచి కాగితాలు దిగేవి. పెంచాల్సింది రైతు. పెంచించాల్సింది మా వారు. ఆయన పుస్తకాల్లో వ్యవసాయం బాగా చదువుకున్న మనిషి. పొలం గట్టు మీద మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు.

“మనకి ఊడ్పులు నేర్పటానికొచ్చాడు. ముందు ఈయనకి గట్టు మీద నడవటం మనం నేర్పాలి” అని ఆయన వినేటట్టే నవ్వుకునేవాళ్ళు రైతులు. ఆయన కూడా నవ్వేవారు. ఇంటికొచ్చాక అన్నం సగంలో వదిలేసి లేచేవారు.

ఆ ఏడు పైనుంచి దిగిన కాగితంలో ఎముకల పొడి ఉంది. దమ్ము చేసే ముందు చేలో ఎముకల పొడి చల్లించాలి. ఒక మడిలో చల్లి, పక్క మడి మామూలుగా వదిలి, రెండింటి పంటా రైతులకు చూపించాలి. ప్రతి డిమాన్‌స్ట్రేటరూ తన కింది ఊళ్ళలో ఇన్ని మళ్ళు చూపించి తీరాలి. చూపించలేని వాళ్ళను మన్యానికి బదిలీ చేస్తారని బెజవాడ ఆఫీసులో గుమాస్తా చెవిలో వేశాడు.

మన్యం అంటే జ్వరం. మా వారికి ముందు ఆ ఊళ్ళో పనిచేసినాయన మన్యానికి బదిలీ అయి, చంటిబిడ్డతో వెళ్ళి, బిడ్డ లేకుండా తిరిగొచ్చాడు. ఆయన భార్య మా ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళిన సామాన్లు తీసుకోవడానికి వచ్చి, అటక మీద ఉయ్యాల చెక్క చూసి, “అది మీరే ఉంచుకోండి” అంది. నేను దాన్ని వాడలేదు. పారేయనూ లేదు. అప్పటికి మా పాపకు ఏడాది నిండలేదు. ఎనిమిదో నెలలో పుట్టిన పిల్ల. ఒళ్ళు కాస్త వెచ్చబడితే నేను రాత్రంతా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. యుద్ధం వల్ల క్వినైను బెజవాడలోనే దొరకడం లేదు, మన్యంలో ఎవరిస్తారు?

ఎముకల పొడి పేరెత్తగానే ఏ రైతూ ఒప్పుకోలేదు. చచ్చిన గొడ్ల ఎముకలు తెచ్చి తిండిగింజలు పండే చేలో పోస్తారా అన్నారు. ఒకాయనైతే మా వారు అరుగెక్కబోతుంటే, “అక్కడే ఉండండి, మా ఆవిడ మడి కట్టుకుంది” అన్నాడు. ఆయన ఇంట్లో మడి కట్టుకునే ఆచారమే లేదు.

మా ఇంటి పక్కన ఒక రైతు కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఇల్లాలిని నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. పాపకు పాలు వాళ్ళింటి నుంచే వచ్చేవి. నీళ్ళు పోయడం, సాంబ్రాణి వేయడం, కడుపు ఉబ్బితే వామునీళ్ళు పట్టడం అన్నీ ఆవిడే నేర్పింది. నేను చదివిన చదువులో అవేవీ లేవు. “బియ్యే దాకా చదివింది గానీ పిల్లకి తల తుడవటం రాదు” అని నన్ను ఆడిపోసుకుంటూనే తుడిచేది. ఆవిడ భర్త నెమ్మదైన మనిషి. మా వారి మీద జాలిపడి, కాలవ కిందున్న రెండు మళ్ళు ఇస్తానన్నాడు. ఏ ఎరువో అడగలేదు. మా వారు చెప్పలేదు. ఎముకల మాట మానుకుని వేరే ఎరువేదో తెప్పిస్తున్నారని ఊరు అనుకుంది.

బస్తాలు బెజవాడ వన్‌టౌన్‌లో గిడ్డంగి నుంచి పడవ మీద వచ్చాయి. రేవు నుంచి మా వసారాలోకి వాటిని మోసుకొచ్చింది పిన్నిగారి పాలేరు. కాలవ అవతలి పాలెం వాడు. వాళ్ళు క్రైస్తవులు. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని కనపడేవాడు. ఆ ఇంట్లో పన్నెండేళ్ళ వయసు నుంచి పనిచేస్తున్నాడు. బస్తాలు దింపుతుంటే ఊరకుక్కలు నాలుగైదు వాడి వెనకే వసారా మెట్ల దాకా వచ్చాయి.

“చూశారా అమ్మగారూ, నా ఎనకాల ఊరేగింపు! పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఈ పొడి మాకు కొత్త కాదండి. మా పాలెంలో ఏరి పడవలకి ఎత్తిన సరుకేగా. అటు ముక్కలుగా పోయింది, ఇటు పిండిగా వచ్చింది” అన్నాడు.

నేను లోపలికి వెళ్ళిపోయాను. చచ్చిన గొడ్లను పడేసే చోట ఎముకలు ఏరి, ఏటా కాలవ మీద వచ్చే షావుకారుకు అమ్ముకోవడం ఆ పాలెం వాళ్ళకు ఒక ఆధారం. ఊళ్ళో అందరికంటే ముందు సంగతి తెలిసింది వాడికే. ఆ పొడి ఏమిటని వాణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా.

అడిగింది నన్ను. మర్నాడు పొద్దున పిన్నిగారు పాలచెంబుతో వచ్చి, బస్తాల దగ్గర ఆగింది. గోనె మీద నల్ల సిరాతో పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి.

“అమ్మాయ్, దీని మీద ఏదో రాసుందే. ఏంటది?”

“ఎరువు పిన్నిగారూ.”

“ఎరువని నాకూ తెలుసులే. దేంతో చేశారంటా? ఊళ్ళో ఏవేవో కూస్తున్నారు. మీ ఆయన్నడిగితే మీ బాబాయి ఊరుకోడు, ఆయన్ని అనుమానించినట్టుంటుందని. నువ్వు చదివి చెప్పు, నాకు చాలు.”

పాప నా చంకలో ఉంది. ఆవిడ తెచ్చిన పాలచెంబు వంక చూసి చేతులు చాపుతోంది. ఉన్నవి రెండే రెండు మాటలు, చిన్నపిల్లలు కూడా చదవగలిగిన మాటలు. నేను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చూపిస్తూ, “రాతి పొడి అని ఉంది. సున్నపురాయి లాంటిది” అన్నాను.

వేలు పెట్టి ఎందుకు చూపించానో ఇప్పటికీ తెలియదు. ఊరికే చెబితే సరిపోయేది.

“ఆఁ, అదీ మాట” అని ఆవిడ పాలు వంచి వెళ్ళిపోయింది.

మా వారు అంతా లోపలి నుంచి విన్నారు. నన్ను మెచ్చుకోనూ లేదు, మందలించనూ లేదు. కాసేపయ్యాక వచ్చి పాపను ఎత్తుకున్నారు. ఆయన కూడా బస్తాలు ముట్టుకున్న రోజున బావి దగ్గర రెండుసార్లు స్నానం చేసేవారు. దుమ్ము అనేవారు. నేను దుమ్మే అనుకున్నట్టు ఉండేదాన్ని.

పొడి చల్లింది పాలేరే. గుడ్డ ముక్కు మీద కట్టుకుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కడే చల్లాడు. మిగతా కూలీలు వాసన బాగోలేదని గట్టు మీద కూర్చున్నారు. ఆ ఏడు కాలవ నీళ్ళు వేళకు వచ్చాయి. పొడి వేసిన మడి పిలకలు బాగా వేసింది. పక్క మడితో చూసుకుంటే తేడా నాకు కూడా తెలిసింది. మా వారు వారానికి రెండుసార్లు వెళ్ళి కర్రతో కొలిచి వచ్చేవారు. కోతల నాటికి ఆయన మొహం తేటపడింది, ఇంట్లో కూనిరాగాలు మొదలయ్యాయి. రెండు మళ్ళ ధాన్యాన్నీ విడివిడిగా నూర్పించి చూపించాక, రైతు రెండింటినీ కలిపి ఒకే పురిలో పోయించాడు. కొత్త బియ్యం మాకూ పంపారు. పిన్నిగారి మామగారి తద్దినం ఆ బియ్యంతోనే పెట్టారు. నేను ఆ బియ్యం వండాను, మా వారు తిన్నారు, పాపకు మెత్తగా పిసికి పెట్టాను.

దాళవా, అంటే రెండో పంట వరి, వేయని చేలల్లో మినుము పూతకొచ్చిన రోజుల్లో, మా వారి పై అధికారి, ఊరివాళ్ళ నోట దొరగారు, కారులో కాలవ గట్టు మీదుగా వచ్చాడు. బడి ముందు తాటాకు పందిరి వేసి రైతులందరినీ పిలిచారు. ఆడవాళ్ళం బడి లోపల కిటికీ దగ్గర కూర్చున్నాం. పిన్నిగారు నా పక్కనే, పాప ఆవిడ ఒళ్ళో. ఆవిడ ఆ రోజు పట్టుచీర కట్టుకుంది. భర్త మెడలో బంతిపూల దండ వేస్తారని తెలుసు.

అధికారి మంచి తెలుగు మాట్లాడాడు. దేశానికి తిండిగింజలు ఎంత అవసరమో చెప్పాడు. దండ వేశాడు. రైతు భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా, “ఈయనను చూసి నేర్చుకోండి. మూఢాచారాలను లెక్కచేయకుండా, ధైర్యంగా ఎముకల పొడి వేసి పండించిన రైతు!” అన్నాడు.

వెనక నుంచి ఎవరో ముసలాయన, “ఎవుకలా?” అన్నాడు. అధికారి సంతోషంగా, “అవును, ఎముకలే. పశువుల ఎముకలే. అందులో తప్పేముంది?” అని ఇంకాస్త వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. మా వారు బల్ల మీది గాజు గ్లాసు వంకే చూస్తున్నారు. ముసలాయన తుండుగుడ్డ దులిపి లేచి వెళ్ళిపోయాడు. తర్వాత ఒక్కొక్కరూ. రైతు దండ వేసుకుని అలాగే నిలబడ్డాడు. అధికారి ఎదట దండ తీయడం ఎలాగో ఆయనకు తెలియలేదు.

పిన్నిగారు పాపను నా ఒళ్ళో పెట్టింది. నా మొహం చూడకుండా లేచి వెళ్ళింది.

ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఊరివాళ్ళెవరూ మంచినీళ్ళు ముట్టలేదు. ఆ ఇంట భోజనం చేసిన బ్రాహ్మడు తద్దినం మళ్ళీ పెట్టాల్సిందేనన్నాడు. బంధువులు రాకపోకలు మానేస్తామన్నారు. మూడోరోజు రచ్చ దగ్గర పెద్దలు కూర్చుంటే, ఆ నెమ్మదైన మనిషే లేచి చెప్పాడట: డిమాస్టరు గారు తెచ్చింది రాతి పొడే. పాలేరు ఆ మంచి పొడిని ఎక్కడో అమ్ముకుని, బస్తాల్లో తన పాలెం ఎముకల పొడి కలిపాడు. ఆ సంగతే ఎలాగో దొరగారి చెవిన పడింది.

చల్లే రోజు దాకా బస్తాలు కుట్లు విప్పకుండా మా వసారాలోనే ఉన్నాయి. పాలెంలో ఎముకలు పిండి చేసే మర ఏదీ లేదు. దొర చెవిన ఏం పడాలన్నా మా వారి నోటి నుంచే పడాలి. అయినా పెద్దలు సరేనన్నారు.

మర్నాడు పిన్నిగారు మా గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు.

“నువ్వు చదివావుగా అమ్మాయ్. రాతి పొడి అనే ఉందిగా?”

నేను పాపను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నాను.

“ఉంది కదూ?”

తల ఊపాను. ఆవిడ వెంటనే వెనక్కి తిరిగింది.

మా వారితో ఆ రోజు గట్టిగా మాట్లాడాను. “వాడు ఏం చేశాడండీ? వెళ్ళి నిజం చెప్పండి. పోనీ నన్ను చెప్పనివ్వండి.”

“చెప్పి? డిమాస్టరు పెళ్ళాం గోనె మీద అబద్ధం చదివిందని తెలిస్తే ఇక ఈ చుట్టుపక్కల ఒక్క రైతు నా మాట వింటాడా? పంట నువ్వు చూశావుగా. పొడి మంచిదా కాదా?”

“పొడి సంగతి కాదు నేననేది.”

“బెంగాల్లో జనం రోడ్ల మీద పడి చస్తున్నారు. ఒక్క పాలేరు ఇంకో ఇంట్లో చేరతాడు. నువ్వు పాపను చూసుకో.”

ఆయన అబద్ధం ఆడుతున్నారని అనలేను. ఆయన ఆ మాట నమ్మారు. నేను నమ్మలేదు. కానీ ఆ చివరి మాట దగ్గర ఊరుకున్నాను.

పాలేరు ఇంకో ఇంట్లో చేరలేదు. ఎవరూ చేర్చుకోలేదు. ఏడాది కూలి కింద రావలసిన గింజలు కూడా ఇవ్వకుండా తీసేశారు. ఒక మధ్యాహ్నం వాడి భార్య మా పెరటివైపు వచ్చి, గోడ అవతల నిలబడింది. చంకలో పిల్ల. మా పాప కంటే ఆరు నెలలు పెద్దదేమో, చూడటానికి చిన్నదిగా ఉంది.

“అమ్మగారూ, సంచి మీద అచ్చరాలు మీరు సదివారంటగా?”

“ఆఁ.”

“అందులో ఏం ఉందో మా ఆయనకి తెలుసండి. మీకూ తెలుసంట. రైతుగారి దగ్గరికొచ్చి ఒక్క మాట సెప్పండమ్మా. మీరు సెబితే ఇంటారు. మేం సెబితే ఎవరింటారు?”

“మా వారితో మాట్లాడి చెబుతాను.”

“ఎప్పుడు రమ్మంటారండి?”

“నేనే కబురు చేస్తాను.”

ఆవిడ నమ్మింది. కనీసం నమ్మినట్టు తల ఊపింది. వెళ్తూ మా పాపను చూసి, “నిండుగా ఉందండి, దిష్టి తియ్యండి” అంది. నేను దిష్టి తీశాను. కబురు చేయలేదు. తర్వాత రెండు రోజులు ఆవిడ మా పెరటి గోడ పక్కనుంచి నెమ్మదిగా నడిచి వెళ్ళడం చూశాను. మూడోరోజు పెరటి తలుపు వేసుకున్నాను.

మమ్మల్ని మన్యానికి పంపలేదు. ఆ మడి వివరాలు మా వారు రాసి పంపితే పైవాళ్ళు మెచ్చుకుని, బెజవాడకు వేశారు. సామాన్లు పడవకు ఎక్కించే రోజున నేను పిన్నిగారింటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు, పొమ్మననూ లేదు. పాపకు మాత్రం చిన్న బెల్లం ముక్క తెచ్చి పెట్టింది.

“పిన్నిగారూ, ఆ బస్తా మీద ఎముకల పొడి అనే రాసి ఉంది. నేను అబద్ధం చెప్పాను. వాడు ఏమీ కలపలేదు.”

ఆవిడ చేట ఆపలేదు.

“తెలుసులే” అంది.

“ఎప్పుడు తెలుసు?”

“ఆవేళ బడి దగ్గరే. నీ మొహం చూడక్కర్లేదు, నీ కాళ్ళు చూస్తే తెలిసింది, అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నాయి. మీ బాబాయికీ తెలుసు. రచ్చ దగ్గర కూర్చున్నోళ్ళందరికీ తెలుసు.”

“మరి తెలిసీ...”

“తెలిసి ఏం చెయ్యమంటావు? మీ ఆయన మీద పెట్టమంటావా? రేపు విత్తనాలకీ ఎరువు చెక్కకీ ఆయన చేతికిందికే పోవాలి. నీ మీద పెట్టమంటావా? నా చేత్తో నీళ్ళు పోసిన పిల్ల నీ ఒళ్ళో ఉంది. ఎవరి మీదో ఒకరి మీద పెట్టకపోతే మా ఇంట్లో ఎవడూ చెయ్యి కడగడు. వాడి మీద పెట్టాం. నువ్వు తల ఊపావు. నువ్వు ఊపకపోయినా పెట్టేవాళ్ళమే గానీ, ఊపావు కాబట్టి నాకు కాస్త సుళువయ్యింది.”

“ఇప్పుడన్నా చెప్పకూడదా పిన్నిగారూ?”

“ఇప్పుడు ఎవరికోసం? నీ కోసమా?” చేటలో మెరికలు ఏరి అవతల పడేసింది. “పడవ వేళయింది, పిల్లకి ఎండ తగులుతుంది. పో.”

మా వారు రేవులో సామాన్లు లెక్క చూసుకుంటున్నారు. పాపకు పాలు మర్చిపోయానని చెప్పి, దాన్ని చంకనేసుకుని కాలవ వంతెన దాటి పాలెంలోకి వెళ్ళాను. ఆ ఊళ్ళో రెండేళ్ళున్నాను, వంతెన దాటడం అదే మొదలు. వాళ్ళ ఇల్లు ఏదో కూడా నాకు తెలియదు. అడిగితే ఒక ముసలామె చూపించింది. పైకప్పు తాటాకు ఎవరో పీక్కుపోయారు. లోపల పొయ్యి రాళ్ళున్నాయి. గోడకు మసితో గీసిన సిలువ గుర్తు ఉంది.

“ఉయ్యూరు పోయారమ్మా, చెరుకు కొట్టటానికి. నెలయ్యింది” అంది ముసలామె. నా వంక, నా చీర వంక, పాప మెడలోని గొలుసు వంక చూసింది. “తమరు ఎరువులయ్యగారింట్లో అమ్మగారు కదా. ఏవన్నా సెప్పమంటారా? మావోళ్ళు అటేపు పోతుంటారు.”

చెప్పవలసిన మాటను వంతెన మీద నడుస్తూ కూర్చుకున్నాను. నాలుగు మాటలే. ముసలామె చెవి మీద చెయ్యి పెట్టుకుని, నా నోటి వంకే చూస్తూ నిలబడింది. రేవు వైపు నుంచి మా వారు నన్ను కేకేస్తున్నారు.

“ఏమీ లేదు. ఊరికే చూసి పోదామని వచ్చాను” అన్నాను.